సందేహానికి హద్దు

పాత కారు కొనుక్కున్నవాళ్లయినా, తాతల నాటి బండిని షెడ్డులోంచి బయటికి లాగినవాళ్లయినా చివరికి నన్ను అడిగేది ఒకటే. "మాస్టారూ, బండిని నమ్మొచ్చా?"

ఏ సిలిండర్లో కంప్రెషన్ ఎంతుందో చెప్పగలను. ఏ బేరింగ్ వదులైందో, ఏ వాల్వ్ సరిగా కూర్చోవడం లేదో, రేడియేటర్‌లో నీళ్లు ఎక్కడ ఆగిపోతున్నాయో చెప్పగలను. అన్నీ అంకెలతో సహా కాగితం మీద రాసిస్తాను. ఆ కాగితం పైనుంచి కిందికి ఒకసారి చూసి, మడిచి జేబులో పెట్టుకుని, "అదంతా సరే మాస్టారూ, నమ్మొచ్చా?" అంటారు మళ్లీ. వాళ్లు అడగకూడనిదేమీ అడగడం లేదు. అంకెలు ఎన్ని పేర్చినా వాటికీ నమ్మకానికీ మధ్య కొంత ఎడం మిగిలే ఉంటుంది. ఆ ఎడాన్ని దాటించేది ఏమిటి? మనిషి దేన్నయినా ఏ ఆధారంతో నమ్మాలి అనే పెద్ద ప్రశ్నలో ఇదీ ఒక ముక్కేనని నాకు మొదటినుంచీ అనిపిస్తుంది.

అలా అనిపించడానికి మా తాతగారు కారణం. ఆయన తర్కం చదువుకున్న మనిషి. వేసవి సెలవుల్లో నన్ను అరుగు మీద కూర్చోబెట్టి అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం చెప్పారు. అన్నంభట్టు పదిహేడో శతాబ్దపు తెలుగువాడు. దేశంలో ఎక్కడ తర్కం మొదలుపెట్టినా పిల్లల చేతికి మొదట ఇచ్చేది ఆయన పుస్తకమే. నాకప్పుడు ఒంటబట్టింది కొంచెం. తర్వాత విశాఖపట్నంలో ఒక పాలిటెక్నిక్ ఆటోమొబైల్ ల్యాబులో ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాను. ఉద్యోగమంతా ఇంజిన్ల మధ్యే గడిచింది. తాతగారు చెప్పినవి ఒక్కొక్కటీ ఏదో ఒక ఇంజిన్ దగ్గర మళ్లీ ఎదురుపడుతూ వచ్చాయి. రిటైరయ్యాక పాత కార్లవాళ్లు పిలిస్తే వెళ్లి చూసిపెడుతున్నాను.

ఈమధ్య చూసినది 1930 నాటి ఫోర్డ్ మోడల్ ఏ. నాలుగు సిలిండర్లు, 3.3 లీటర్ల ఇంజిన్, నిమిషానికి 2200 చుట్ల దగ్గర 40 హార్స్‌పవర్. పెట్రోల్ పంపు లేదు. ట్యాంకు డాష్‌బోర్డు వెనకే ఎత్తుగా ఉంటుంది, అక్కడినుంచి పెట్రోల్ తన బరువుకు తానే కార్బురేటర్‌లోకి దిగుతుంది. ఆయిల్ ప్రెషర్ గేజీ కూడా లేదు. బేరింగులు ఇప్పటిలా దుకాణంలో దొరికే షెల్స్ కావు, తగరం ఎక్కువపాలు ఉన్న తెల్ల లోహాన్ని కరిగించి పోసి, షాఫ్టుకు సరిపోయేలా కోసినవి. స్పార్క్ టైమింగు ముందుకూ వెనక్కీ జరిపే మీట స్టీరింగ్ కింద ఎడమవైపు ఉంటుంది. ఇంజిన్ వేగాన్ని బట్టి దాన్ని డ్రైవరే జరుపుకోవాలి. ఇంజిన్ చెయ్యాల్సిన పనిలో సగం మనిషికే వదిలేసిన బండి అది. నాకు అందుకే ఇష్టం.

ఇలాంటి ఇంజిన్ ఏళ్ల తరబడి మూలపడి ఉంటే, పరీక్షలో మొదటి నియమం దాన్ని స్టార్ట్ చెయ్యకపోవడం. బండి ఓనర్లకు ఇది మింగుడుపడదు. కొత్త బ్యాటరీ తెచ్చి పెట్టుకుని, సెల్ఫ్ నొక్కడానికి సిద్ధంగా ఉంటారు. లోపల పిస్టన్ రింగులు తుప్పుతో గాడిలోనే అతుక్కుపోయి ఉండొచ్చు. వాల్వు కాడలు జిగురు పట్టి ఉండొచ్చు. బేరింగుల మీది ఆయిల్ ఎప్పుడో కిందికి జారిపోయి ఉంటుంది. ఆ స్థితిలో సెల్ఫ్ కొడితే ఇంజిన్ బాగుందో లేదో తెలియడం అటుంచి, అప్పటిదాకా బాగున్నది కాస్తా ఆ ఒక్క నిమిషంలో చెడిపోతుంది. అందుకని ముందు ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్లో కొంచెం ఆయిల్ పోసి వదిలేస్తాను. సంపులో పేరుకున్న మడ్డి తీసి కొత్త ఆయిల్ నింపుతాను. తర్వాత, ప్లగ్గులు లేకుండానే హ్యాండిల్ పెట్టి మెల్లగా తిప్పుతాను. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉండాలి, హ్యాండిల్‌ని చుట్టి పట్టుకోకూడదు. రేపు స్టార్ట్ చేసేటప్పుడు ఇంజిన్ వెనక్కి తన్నితే ఆ వేలు విరుగుతుంది, అలవాటు ఇప్పటినుంచే ఉండాలి. తిప్పుతుంటే ఎక్కడ బిగుస్తోంది, ఎక్కడ వదులవుతోంది అన్నది అరచేతికి తెలుస్తుంది. ఈ దశలో చేసేది పరీక్ష కన్నా పరామర్శకు దగ్గర. ఎదుటిదానికి హాని చేయకుండా ఎంత తెలుసుకోగలమో అంతే తెలుసుకోవడం. పరీక్ష పేరుతో మనుషుల్ని విరగ్గొట్టిన కథలు మనకు చాలా ఉన్నాయి కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను.

తర్వాత కంప్రెషన్. ఈ ఫోర్డ్‌లో కంప్రెషన్ నిష్పత్తి 4.22కి 1. గేజీ పెడితే చదరపు అంగుళానికి 60 పౌండ్ల చుట్టుపక్కల చూపిస్తే మంచి ఆరోగ్యం. కొత్త కార్లు మాత్రమే చూసిన కుర్ర మెకానిక్ ఆ 60 చూసి, "ఇంజిన్ బోరుకొచ్చేసింది సార్" అంటాడు. అతనికి తెలిసిన ఇంజిన్లలో 60 అంటే నిజంగానే అంతే. ఏ వస్తువునైనా పరీక్షించే ముందు అది ఏమవడానికి పుట్టిందో తెలియాలి. ఆ తెలివిడి గేజీ ఇవ్వదు, అది మన దగ్గర ముందే ఉండాలి. నాలుగు సిలిండర్లూ దాదాపు సమానంగా ఉన్నాయా అన్నది అంకె కన్నా ముఖ్యం. ఒకటి 60, పక్కది 40 అయితే అక్కడ రోగం ఉంది.

రోగం ఎక్కడుందో పట్టుకునే పద్ధతి చూస్తే మా తాతగారు గుర్తొస్తారు. తక్కువ చూపించిన సిలిండర్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ గేజీ పెడతాం. ఇప్పుడు అంకె పెరిగిందంటే, ఆయిల్ పిస్టన్ చుట్టూ చేరి సందులు మూసింది, కాబట్టి లోపం రింగుల్లో. పెరగలేదంటే గాలి పోతున్నది వాల్వుల్లోంచి, లేదా హెడ్ గాస్కెట్‌లోంచి. ఒకటి ఉన్నప్పుడు మరొకటి ఉండటం, అది లేనప్పుడు ఇదీ లేకపోవడం, ఈ రెండూ పట్టుకుంటే కారణం దొరుకుతుందని తర్కంలో అన్వయం, వ్యతిరేకం పేర్లతో చెబుతారు.

వ్యతిరేకం ఇంకా స్పష్టంగా కనిపించేది మోర్స్ టెస్టులో. మన పాలిటెక్నిక్‌లలో ఆటోమొబైల్, మెకానికల్ చదివిన ప్రతివాడూ ఈ ప్రయోగం చేసి రికార్డు రాసే ఉంటాడు. ఇంజిన్‌ని డైనమోమీటర్‌కు కట్టి, లోడ్ మీద నడిపిస్తూ, ఒక సిలిండర్ ప్లగ్గుకు కరెంటు ఆపేస్తాం. వేగం పడిపోతుంది. లోడ్ తగ్గించి వేగాన్ని మళ్లీ పాత చోటికి తెస్తాం. ఎంత లోడ్ తగ్గించాల్సి వచ్చిందో, ఆ సిలిండర్ లోపల పుట్టిస్తున్న శక్తి అంత. నాలుగూ కలిసి పనిచేస్తున్నంతసేపూ ఏ ఒక్కదాని వాటా ఎంతో తెలియదు. దాన్ని మూగపోయేలా చేస్తేనే అది ఇన్నాళ్లూ ఏం చేసిందో తెలుస్తుంది. లేకపోవడం కూడా జ్ఞానానికి ఒక మార్గమేనని, దానికి విడిగా అనుపలబ్ధి అనే ప్రమాణం ఒకటి ఉండాలని మీమాంసకుల్లో కుమారిలభట్టు సంప్రదాయంవాళ్లు పట్టుబట్టారు. తర్కశాస్త్రంవాళ్లయిన నైయాయికులు విడిగా అక్కర్లేదు, ప్రత్యక్షంలోనే సర్దుకుంటుందన్నారు. ల్యాబులో మోర్స్ టెస్టు చేయించేటప్పుడు నేను మాత్రం మనసులో కుమారిలుడి పక్షమే. రోడ్డు పక్క మేస్త్రీకి డైనమోమీటర్ ఉండదు, కానీ అతను కూడా చెక్క పిడి స్క్రూడ్రైవర్‌తో ఒక్కో ప్లగ్గునూ షార్ట్ చేస్తూ ఇదే పని చేస్తాడు. ఏ ప్లగ్గు ఆపితే లోపలి టకటక తగ్గిపోయిందో, వదులైన బేరింగ్ ఆ సిలిండర్ కిందిది.

ఇక పొగ. తర్కసంగ్రహం చదివిన ఎవరికైనా మొదట గుర్తొచ్చేది కొండ మీది పొగే. పొగ ఉంది కాబట్టి అక్కడ నిప్పుంది. మెకానిక్కు బతుకంతా ఈ వాక్యం మీదే నడుస్తుంది. నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ వస్తే పెట్రోల్ ఎక్కువవుతోంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే నీళ్లు లోపలికి పోతున్నాయి. కానీ తాతగారు ఎక్కువసేపు చెప్పింది ఈ భాగం కాదు. పొగ నుంచి నిప్పును ఊహించొచ్చు గాని, నిప్పు నుంచి పొగను ఊహించకూడదు అన్నది ఆయన పదేపదే చెప్పించుకున్న పాఠం. నిప్పున్న ప్రతిచోటా పొగ ఉండదు, ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. నిప్పుకు పొగ రావాలంటే తడి కట్టె తోడవ్వాలి. ఆ తడి కట్టె లాంటి లోపాయికారీ షరతుకు శాస్త్రంలో ఉపాధి అని పేరు. బాగా ట్యూన్ చేసిన ఇంజిన్లో నిమిషానికి వేలసార్లు నిప్పు పుడుతుంది, సైలెన్సర్ దగ్గర చెయ్యి పెడితే వేడి గాలి తప్ప ఏమీ కనపడదు. పొగ వచ్చినప్పుడల్లా నేను వెతికేది ఆ తడి కట్టె ఎక్కడుందా అని.

ఇంజిన్ నమ్మకానికి కూడా ఇలాంటి ఉపాధులు దాగి ఉంటాయి, అవి ఇంజిన్లో కనపడవు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. పాత రబ్బరు గొట్టాల్ని మెత్తబరుస్తుంది. ఆ రోజుల్లో అతుకుల దగ్గర లీకులు రాకుండా పూసిన లక్క ఆల్కహాలులో కరిగిపోతుంది. ట్యాంకు గోడలకు దశాబ్దాలుగా అంటుకున్న మడ్డిని ఊడదీసి కార్బురేటర్‌లోకి తెస్తుంది. ఈ ఇంజిన్ 1930లో తన పెట్రోల్‌తో నమ్మదగినదే. ఇవాళ్టి పెట్రోల్‌తో అదే ఇంజిన్, అదే లోహం, అదే స్పార్క్, దారి మధ్యలో ఆగుతుంది. మరి నమ్మదగినతనం ఇంజిన్లో ఉందనాలా, ఇంజిన్‌కూ దాని చుట్టూ ఉన్న లోకానికీ మధ్య ఉందనాలా? మనుషుల విషయంలో కూడా ఈ ప్రశ్న వేసుకుంటే, ఫలానావాడు చెడిపోయాడని తీర్పు చెప్పే ముందు కొంచెం ఆగుతాం.

ఇంతవరకూ పరీక్ష ఏం చెబుతుందో చెప్పాను. ఇప్పుడు అది ఆగిపోయే చోటికి వస్తాను. గేజీ 60 చూపించింది. ఆ గేజీ సరిగ్గా ఉందని ఎలా తెలుసు? దాన్ని తెలిసిన బరువులు పెట్టే టెస్టర్ మీద సరిచూడాలి. ఆ బరువులు సరైనవని ఎలా తెలుసు? వాటిని ఇంకా ఖచ్చితమైన బరువులతో తూచాలి. ఇలా వెనక్కి వెళ్తూనే ఉండొచ్చు. ఈ తెగని వరసకే అనవస్థ అని పేరు. ప్రతి జ్ఞానానికీ ఇంకో జ్ఞానం సాక్ష్యం చెప్పాలంటే, ఆ రెండోదానికి ఎవరు చెబుతారు? ఏడో శతాబ్దంలో కుమారిలభట్టు ఇక్కడే నిలదీశాడు. జ్ఞానం పుట్టినప్పుడే నమ్మదగినదిగా పుడుతుంది, దాని వెనక దోషం ఉందని తేలితేనో, దానికి ఎదురు నిలిచే ఇంకో జ్ఞానం వస్తేనో అప్పుడు దాన్ని తోసెయ్యాలి అన్నాడు. నైయాయికులు ఒప్పుకోలేదు. జ్ఞానం దానంతట అది తాను నిజమని చెప్పుకోలేదు, దాన్ని పట్టుకుని పనిలోకి దిగితే (దీన్నే ప్రవృత్తి అంటారు) ఫలితం దక్కాలి, అప్పుడే అది నిజమని తెలుస్తుంది అన్నారు. దూరాన నీళ్లు కనిపించాయి, వెళ్లి దోసిలి పట్టావు, దాహం తీరింది, చూసింది నిజమే.

మెకానిక్ ఎవరి పక్షం? నేను చూసినంతలో మంచి మెకానిక్ పొద్దున్న మీమాంసకుడు, సాయంత్రం నైయాయికుడు. పొద్దున్నే తన చేతినీ, చెవినీ, గేజీనీ నమ్మి పని మొదలుపెడతాడు, వాటిని అనుమానిస్తూ కూర్చుంటే ఒక్క నట్టు కూడా విప్పలేడు. సాయంత్రం బండిని రోడ్డెక్కించి చూడకుండా తన మాటనైనా పూర్తిగా నమ్మడు. ఈ రెండింటిలో ఒకటే ఉన్నవాళ్లూ నాకు తెలుసు. మొదటిది మాత్రమే ఉన్నవాడు, "నా చెయ్యి పడింది, చూసుకోనక్కర్లేదు" అంటాడు. రెండోది మాత్రమే ఉన్నవాడి షెడ్డులో బండి ఏళ్లకేళ్లు విప్పే ఉంటుంది.

కార్లు కొత్తగా వచ్చిన రోజుల్లో ఈ ప్రశ్నను ఊరందరి ముందూ తేల్చుకోవాల్సి వచ్చింది. గుర్రబ్బండి మీద ఉన్న నమ్మకం కారు మీద ఎవరికీ లేదు. 1907లో రోల్స్ రాయిస్ తన 40/50 హార్స్‌పవర్ కారును, తర్వాత సిల్వర్ ఘోస్ట్ అని లోకమంతా పిలిచిన ఆ కారును, లండన్ గ్లాస్గోల మధ్య ఆదివారాలు తప్ప రాత్రింబవళ్లు నడిపింది. లెక్క రాసుకోవడానికి రాయల్ ఆటోమొబైల్ క్లబ్ మనుషులు ఉన్నారు. 629 మైళ్ల దగ్గర కుదుపులకు పెట్రోల్ కుళాయి దానంతటదే మూసుకుపోయి బండి నిమిషం పాటు ఆగింది. ఆ తర్వాత 14,371 మైళ్లు, అనుకోకుండా ఒక్కసారి కూడా ఆగలేదు. మొత్తం 15,000 మైళ్లు అయ్యాక క్లబ్బువాళ్లు బండిని విప్పించి, అరిగిన భాగాలు చూసి, మళ్లీ కొత్తదానిలా చెయ్యడానికి ఎంతవుతుందో లెక్కగట్టారు. రెండు పౌండ్ల రెండు షిల్లింగుల ఏడు పెన్నీలు.

ఈ పరీక్షలో నన్ను ఆకట్టుకునేది దూరం కాదు, చివర్న విప్పి చూడటం. పరుగెత్తిన కారును చూసి చప్పట్లు కొట్టి ఇంటికి పోకుండా, ఆ పరుగు దాని లోపల ఏం చేసిందో కూడా చూశారు. చూసినవాళ్లు తయారుచేసినవాళ్లు కాదు. కంపెనీ తనంతట తాను చెప్పుకుంటే అది ప్రకటన అయ్యేది. లాభనష్టాలు లేని మూడోవాడు చూసింది చూసినట్టు చెబితే అది శబ్ద ప్రమాణం. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాణ్నే శాస్త్రం ఆప్తుడంది.

మరుసటి ఏడాది, 1908లో, అదే క్లబ్ ఇంకో రకం పరీక్ష చేసింది. లండన్‌లో అమ్మకానికున్న మూడు సింగిల్ సిలిండర్ కాడిలాక్‌లను బ్రూక్‌ల్యాండ్స్‌లో పూర్తిగా విప్పి, భాగాలన్నీ ఒకే రాశిగా కలిపేసి, కొన్నింటిని తీసేసి వాటి బదులు దుకాణంలోని విడిభాగాలు చేర్చి, ఆ కలగాపులగంలోంచి మళ్లీ మూడు కార్లు బిగించారు. ఆకురాయి పట్టి సరిచెయ్యడం ఏమీ లేదు. రంగులు మాత్రం కలిసిపోయాయి. ఒక్కోటి 500 మైళ్లు తిరిగింది. కాడిలాక్‌కు ఆ పనికి డ్యూవర్ ట్రోఫీ దక్కింది. రథమంటే ఇరుసా, చక్రాలా, నొగలా, వీటిలో ఏదీ కాకపోతే రథమనేది ఎక్కడుంది అని నాగసేనుడు మిళింద రాజును అడిగిన ప్రశ్న బౌద్ధుల్లో ప్రసిద్ధం. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ, అమరావతి వైభవంగా ఉన్న రోజుల్లో మన నేల మీద కూడా అలాంటి చర్చ నడిచే ఉంటుంది. కాడిలాక్ పరీక్ష ఆ ప్రశ్నకు ఇనుముతో ఇచ్చిన జవాబు లాంటిది. బండి తనదైన ఒక ఆత్మ వల్ల కాక, భాగాల మధ్య ఉన్న కొలతల పొందిక వల్ల నడుస్తుంది. ఈ జవాబు పూర్తి కాదు అంటాను నేను. ఆ పొందికను నిలబెట్టేవాడు ఒకడు ఉండాలి, వాడి సంగతి ఆ పరీక్ష అడగలేదు.

అది తెలియాలంటే హైదరాబాద్ వెళ్లాలి. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు సిల్వర్ ఘోస్ట్ ఒకటుంది, 1912 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డరిచ్చినది, అది చేతికి అందేలోపే ఆయన 1911లో పోయారు. ఏడో నిజాం కాలంలో ఊరేగింపులకు తప్ప పెద్దగా బయటికి రాలేదు. లండన్ గ్లాస్గోల మధ్య 15,000 మైళ్లు నిద్రపోకుండా తిరిగిన కారుకు ఇది స్వయానా తోబుట్టువు. దానికున్న ఇంజిన్ వంశమే దీనికీ ఉంది. కానీ నమ్మదగినదానివేనా అని ఏ దారీ ఎప్పుడూ దీన్ని అడగలేదు. నడవని బండిలో నమ్మకం ఒక అవకాశంగా మాత్రమే ఉంటుంది. దాన్ని చూస్తే నాకు దిగులుగా ఉంటుంది. అదే హైదరాబాద్ రాజ్యపు నిజాం స్టేట్ రైల్వే 1914లో తెప్పించుకున్న జాన్ మోరిస్ ఫైరింజన్ ఢిల్లీ రైలు మ్యూజియం చేరినా, స్టేట్స్‌మన్ పాత కార్ల ర్యాలీలో రోడ్డెక్కింది. అలాంటి వార్త చదివిన రోజు మనసు నిండుగా ఉంటుంది.

అయినా, ఎంత నడిచినా ఒక మాట మిగులుతుంది. నిన్నటిదాకా 14,371 మైళ్లు ఆగలేదు. 14,372వ మైలు సంగతేమిటి? చార్వాకులు అనుమితిని, అంటే చూసినదాన్నుంచి చూడనిదాన్ని ఊహించడాన్ని, మొత్తంగా తోసిపుచ్చింది ఇక్కడే. ఎన్నిసార్లు చూసినా, చూడని చోట కూడా అలాగే ఉంటుందని ఎలా చెబుతావు అన్నారు. దీనికి వచ్చిన జవాబుల్లో నాకు అన్నిటికన్నా గట్టిగా తోచింది మిథిలకు చెందిన ఉదయనాచార్యుడిది. సందేహం ఎంతదూరం పోవచ్చు? నీ పనికి నీవే అడ్డుపడేంత దూరం పోకూడదు. పొగ కావాలంటే నిప్పు రాజేస్తావు, ఆకలేస్తే అన్నం తింటావు, ఎదుటివాడికి చెప్పాలంటే నోరు తెరుస్తావు. ఇవన్నీ చేస్తూ, కారణానికి ఫలితం వస్తుందో రాదో అని సందేహపడుతున్నానంటే, నీ చేత నీ మాటను కొట్టేస్తోంది. సందేహానికి హద్దు అక్కడ. శ్రీనాథుడి శృంగార నైషధం ద్వారా మనకు బాగా తెలిసిన శ్రీహర్షుడు, తన ఖండనఖండఖాద్యంలో ఈ హద్దు మీద ఎదురుదాడి చేశాడు. వ్యాఘాతం, అంటే చేతకూ మాటకూ మధ్య ఆ వైరుధ్యం, కనిపించిందంటేనే అక్కడ సందేహం ఉన్నట్టు కదా, ఉన్న సందేహాన్ని అదెలా ఆపుతుంది అన్నాడు. మాటలుగా చూస్తే శ్రీహర్షుడే గెలిచాడని అనిపిస్తుంది. బండి దగ్గర నిలబడితే మాత్రం ఉదయనుడే మిగులుతాడు.

అందుకే నా ఆఖరి పరీక్ష సింహాచలం ఘాట్. అంకెలన్నీ బాగున్నాక, ఊళ్లో రన్నింగు చూశాక, కొండ మీదికి తీసుకెళ్తాను. ఎక్కుతున్నంతసేపూ ఇంజిన్ లోడ్ మీద ఉంటుంది, గాలి తగలడం తక్కువ, నీళ్లు మరిగేదీ, పెట్రోల్ గొట్టంలోనే ఆవిరయ్యేదీ, మిస్సింగ్ బయటపడేదీ అక్కడే. స్పార్క్ మీట కొంచెం వెనక్కి లాగి, రెండో గేరులో, తొందరపెట్టకుండా ఎక్కిస్తాను. స్టీరింగ్ నేనే పట్టుకుంటాను. ఆ బండిని నమ్మొచ్చని ఇంకొకరికి చెప్పే హక్కు, నా ఒంటిని అందులో పెట్టి ఎక్కాకే నాకు వస్తుంది. కాగితం మీద కూడా "నమ్మదగినది" అని రాయను. ఫలానా తేదీన ఈ బండిలో ఇంత ఎత్తు ఎక్కాను, నీళ్లు మరగలేదు, ఇంత ఆయిల్ తగ్గింది, వెయ్యి కిలోమీటర్ల తర్వాత మూడో సిలిండర్ బేరింగ్ విప్పి చూడాలి అని రాసి సంతకం పెడతాను. విప్పి చూస్తానని మాటిచ్చే ఓనరుంటేనే ఆ కాగితానికి విలువ.

ఆ మాటిచ్చేవాడు లేకపోతే పరీక్షకు అంతుండదు. సీత నిప్పులోంచి నడిచి వచ్చింది. లంకలో నిలబడ్డవాళ్లు కళ్లారా చూశారు. అయోధ్యలో ఉన్నవాళ్లకు అది విన్న మాట మాత్రమే, దాన్ని తమదిగా చేసుకుని నిలబడటానికి ఎవరూ సిద్ధపడలేదు. ఉత్తరకాండ నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. నెగ్గిన పరీక్ష కూడా నమ్మకం ఇవ్వలేకపోయిందంటే, ఆ పరీక్షలో లోపం లేదు, దాని ఫలితానికి కట్టుబడే మనిషి లేడు. సింహాచలం కథలో దీనికి తిరగేసిన రూపం ఉంది. హిరణ్యకశిపుడు స్తంభాన్ని చూపించి ఇందులో నీ దేవుడున్నాడా అని కొడుకు ప్రహ్లాదుణ్ని అడిగాడు. జవాబు వస్తే ఏం చెయ్యాలో అతను ఆలోచించుకోలేదు. ఓడిపోతే తలవంచుతానని అనుకోకుండా పెట్టిన పరీక్ష అది. ప్రహ్లాదుడు మాత్రం నిప్పులో, సముద్రంలో, ఏనుగుల కింద తానే పరీక్షకు నిలిచాడు గాని, దేవుడికి ఒక్క పరీక్షా పెట్టలేదు.

కొండ మీదికి చేరాక బండి చల్లారేదాకా ఆగి, రేడియేటర్‌లో నీళ్లు చూసి, దర్శనానికి వెళ్తాను. తోడొచ్చిన ఓనర్లు చాలామంది బయల్దేరేముందే కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి వస్తారు. దానికి నాకు అభ్యంతరం లేదు. పూజ చేశాం కదా, ఇంక బ్రేకులు చూడక్కర్లేదు అంటే ఒప్పుకోను, ఆ బండి ఎక్కను. పూజ ప్రమాణం కాదు. దాన్ని ప్రమాణంగా వాడటం యంత్రానికీ మంచిది కాదు, దేవుడికీ మర్యాద కాదు. బండి ఆగకూడదని నేను మొక్కుకోను. ఆ మొక్కు మొక్కుకుంటే, ఆగిన రోజున దేవుడు పరీక్ష తప్పినట్టు లెక్క. ఆయన్ను ఆ బెంచీ మీద కూర్చోబెట్టే పని నాది కాదు.

అయితే ఇక్కడ మా తాతగారితో నాకు పేచీ ఉంది. సందేహానికి హద్దు గీసిన ఉదయనుడి న్యాయకుసుమాంజలి, ఈశ్వరుడు ఉన్నాడని నిరూపించడానికి రాసిన పుస్తకం. కుండకు కుమ్మరి ఉన్నట్టే, లోకం కూడా చేసినదే కాబట్టి దానికి చేసినవాడు ఉండాలంటాడు ఆయన. తాతగారికి ఆ వాదం ప్రాణం. నేను ఎదురు చెప్పేవాణ్ని. ఈ ఫోర్డ్‌ను చేసినవాడొకడు ఉన్నాడని చెప్పగలుగుతున్నానంటే, చేసేవాళ్లనూ చేయడాన్నీ వేరే చోట చూశాను కాబట్టి. లోకాన్ని ఎవరైనా చేస్తుండగా చూడలేదు. చేసినవాడు ఉన్నాడని తేలినా, యంత్రానికి కర్త ఉన్నచోటల్లా దోషానికి చోటుందని నాకు తెలుసు, తెల్ల లోహం పోసినవాడి చెయ్యి వణికితే బేరింగులో బుడగ మిగులుతుంది. వేదానికి కర్త లేడు కాబట్టే దోషం లేదన్న కుమారిలుడు ఈ విషయంలో ఎక్కువ జాగ్రత్తగా ఉన్నాడు. తాతగారు ఒప్పుకోలేదు. ఏడాదంతా చందనం కింద ఉండి, వైశాఖ శుద్ధ తదియ నాడు మాత్రమే నిజరూపం చూపించే స్వామికి మనం ఏ ప్రమాణంతో దండం పెడుతున్నాం అని ఒకసారి అడిగాను. "పెద్దలు చూసి చెప్పారు, అది శబ్దం. నువ్వు కొండెక్కి వస్తున్నావు, అది ప్రవృత్తి. ఇంకేం కావాలి నీకు?" అన్నారు. కొండెక్కడం దాకా ఆయనతో ఏకీభవిస్తాను. ఎక్కినందువల్ల నాకు దక్కేదాన్ని రుజువు అనడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. రుజువైతే, రేపు దాన్ని తోసెయ్యగలిగేది ఏమిటో కూడా చెప్పగలగాలి. బండి గురించి అడిగితే అది చెప్పగలను, మూడో బేరింగ్ చప్పుడు చేసిన రోజున నా కాగితం చింపెయ్యమని ఓనరుకు ముందే చెబుతాను. స్వామి గురించి అలా చెప్పమంటే నా దగ్గర మాట లేదు, వెతకాలని కూడా నాకు లేదు.